డాప్లర్ కొలిచేది వేగాన్ని, శాతం ఆ తర్వాతి లెక్క

ఒకే మనిషి, ఒకే మెడ. ఒక సెంటర్ ఇచ్చిన డాప్లర్ స్కాన్ రిపోర్టులో కుడివైపు ధమని "50–69 శాతం సన్నబడింది" అని ఉంటుంది. నమ్మకం కుదరక పది రోజుల తర్వాత ఇంకో ఊళ్లో చేయిస్తే "50 శాతం లోపే" అని వస్తుంది. పది రోజుల్లో పూడిక కరిగిపోదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఏదో ఒక సెంటర్‌ను తిట్టుకుంటారు. చాలాసార్లు రెండు చోట్లా స్కాన్ సరిగ్గానే చేసి ఉంటారు.

డాప్లర్ అంటే శబ్దంతో రక్తనాళాలను చూసే అల్ట్రాసౌండ్ స్కాన్. అది బ్లాకు శాతాన్ని నేరుగా కొలవదు. రక్తం ఎంత వేగంగా పోతోందో కొలుస్తుంది. ఆ వేగాన్ని ఒక పట్టికలో పెట్టి చూసి "ఇంత వేగం ఉందంటే ఇంత సన్నబడి ఉండాలి" అని డాక్టరు అంచనా రాస్తారు. కొలత ఎలా తీశారు, ఏ పట్టిక వాడారు, శాతం అంటే దేనిలో శాతం అనే మూడు విషయాల్లో ఏది మారినా రిపోర్టు మారుతుంది. కాళ్ల సిరలకు చేసే డాప్లర్‌లోనైతే శాతం ప్రసక్తే ఉండదు, అక్కడ వెతికేది వేరే.

తెర మీద కనిపించేవి, స్పీకర్‌లో వినిపించేది

మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినిపిస్తుంది. మెడ, కాళ్ల రక్తనాళాలకు వాడే ప్రోబ్ (చర్మానికి ఆనించే పరికరం) సెకనుకు సుమారు 50 లక్షల నుంచి కోటీ 20 లక్షల కంపనాల శబ్దాన్ని లోపలికి పంపుతుంది. పొట్టలోని పెద్ద నాళాలు లోతుగా ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా తక్కువ, 20 నుంచి 50 లక్షల కంపనాలు వాడతారు. కంపనాలు ఎక్కువైతే బొమ్మ స్పష్టంగా వస్తుంది కానీ శబ్దం లోతుకు పోదు. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య కాస్త గాలి ఉన్నా శబ్దం వెనక్కి తిరిగిపోతుంది, జెల్ రాసేది అందుకే. మూత్రపిండాల ధమనుల స్కాన్‌కు ఖాళీ కడుపుతో రమ్మనేది కూడా పేగుల్లోని గ్యాస్ అడ్డం రాకుండా ఉండాలనే. మెడకూ కాళ్లకూ ఆ అవసరం లేదు.

తిరిగొచ్చిన శబ్దంతో ముందు నలుపు-తెలుపు బొమ్మ తయారవుతుంది. నాళం గోడ, దాని మీద పేరుకున్న పూడిక ఇందులో కనిపిస్తాయి. దాని మీద రంగులు వేస్తే కలర్ డాప్లర్ అవుతుంది. ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడు రక్తం అని చాలామంది అనుకుంటారు. ఆక్సిజన్ సంగతి యంత్రానికి తెలియదు. సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే రక్తాన్ని ఎరుపులో, దూరంగా పోయే రక్తాన్ని నీలంలో చూపిస్తారు. ప్రోబ్‌ను అటు నుంచి ఇటు వాల్చితే అదే ధమని నీలంగా మారుతుంది. వేగం యంత్రం పెట్టుకున్న హద్దు దాటితే రంగులు కలగాపులగం అవుతాయి. సన్నబడిన చోటును డాక్టరు కన్ను ముందుగా పట్టేది ఆ కలగాపులగాన్ని చూసే.

అసలు లెక్క మూడో బొమ్మలో ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకి లేచి కిందికి దిగే అలల గ్రాఫ్ అది. అల శిఖరం దగ్గరి వేగమే రిపోర్టులో పీఎస్‌వీ, అంటే గుండె గట్టిగా నొక్కినప్పటి అత్యధిక వేగం. గుండె మళ్లీ నొక్కబోయే ముందు మిగిలి ఉన్న వేగం ఈడీవీ. రెండింటినీ సెకనుకు ఇన్ని సెంటీమీటర్లు అని రాస్తారు.

కదిలే వస్తువు నుంచి వచ్చే అలల సంఖ్య మారుతుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో చెప్పాడు. ఆయన చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి, రక్తం ఆయన ఊహలోనే లేదు. దాన్ని గుండె మీదా రక్తనాళాల మీదా ప్రయోగించినవాళ్లలో 1950లలో జపాన్‌లోని ఒసాకాలో పనిచేసిన షిగెయో సతొమురా ముందువరసలో ఉన్నాడు. లెక్క కూడా చిన్నదే. మెత్తటి కండలో శబ్దం సెకనుకు 1,540 మీటర్లు పోతుంది. 50 లక్షల కంపనాల శబ్దాన్ని 60 డిగ్రీల కోణంలో పంపి, రక్తం సెకనుకు 100 సెంటీమీటర్లు కదులుతోందనుకుంటే, తిరిగొచ్చే శబ్దంలో తేడా సుమారు 3,250 కంపనాలు ఉంటుంది. ఇది మన చెవికి వినిపించే శబ్దమే! స్కాన్ గదిలో "వూష్... వూష్" అని వినిపించేది రక్తం చేసే చప్పుడు కాదు, ఈ తేడాను యంత్రం స్పీకర్‌లో వినిపించడం.

వేగం నుంచి శాతానికి

తోటకు నీళ్లు పెట్టే పైపు మొనను బొటనవేలితో సగం మూస్తే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. ధమనిలోనూ అంతే. వ్యాసం సగానికి తగ్గితే దారి వైశాల్యం నాలుగో వంతుకు తగ్గుతుంది. అంతే రక్తం పోవాలంటే వేగం నాలుగింతలు కావాలి.

పుస్తకంలో అలా ఉంటుంది కానీ శరీరంలో అంత నికరంగా జరగదు. ఒక దారి ఇరుకైతే రక్తం పక్క దారులు వెతుక్కుంటుంది, ఇరుకు దారిలో ప్రవాహమే తగ్గుతుంది. అందుకని సూత్రం మీద ఆధారపడకుండా, ఎందరో రోగుల డాప్లర్ వేగాలను వాళ్ల యాంజియోగ్రామ్‌లతో (రంగు మందు ఎక్కించి తీసే నాళాల ఎక్స్-రేలతో) పోల్చి పట్టికలు తయారు చేశారు. మెడలో మెదడుకు పోయే ఇంటర్నల్ కరోటిడ్ ధమనికి (రిపోర్టులో ఐసీఏ) ఎక్కువమంది వాడేది 2003లో అమెరికా రేడియాలజిస్టుల సంఘం ఒకటి ప్రచురించిన పట్టిక. దాని ప్రకారం పీఎస్‌వీ 125 లోపు ఉంటే 50 శాతం కంటే తక్కువ సన్నబడినట్టు, 125 నుంచి 230 మధ్య ఉంటే 50–69 శాతం, 230 దాటితే 70 శాతం లేదా అంతకు మించి. మామూలు బొమ్మలో పూడిక కనిపించడం కూడా ఆ లెక్కలో భాగమే.

అదే పట్టికలో ఇంకో రెండు సాక్ష్యాలు ఉన్నాయి. ఐసీఏ వేగాన్ని దాని కింద ఉండే కామన్ కరోటిడ్ వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒకటి. 2 లోపు అయితే తక్కువ, 2 నుంచి 4 మధ్యస్థం, 4 దాటితే తీవ్రం. రెండోది ఈడీవీ. దానికి హద్దులు 40, 100.

ఒక రిపోర్టు ఇలా ఉందనుకుందాం: ఐసీఏ పీఎస్‌వీ 210, కామన్ కరోటిడ్ 60, ఈడీవీ 70. నిష్పత్తి 3.5. మూడు అంకెలూ 50–69 దగ్గరే కలుస్తున్నాయి, పెద్ద పేచీ లేదు. ఇంకో రిపోర్టులో ఐసీఏ పీఎస్‌వీ 150, కామన్ కరోటిడ్ 110, ఈడీవీ 35 అనుకుందాం. మొదటి అంకె ఒక్కటే చూస్తే ఇదీ 50–69. కానీ నిష్పత్తి 1.4 కూడా లేదు, ఈడీవీ కూడా తక్కువే. ఈ మనిషికి రక్తం మొత్తంగానే కాస్త జోరుగా పోతోంది, ఇరుకు వల్ల కాదు. బొమ్మలో పూడిక కొంచెమే కనిపిస్తే అనుభవమున్న డాక్టరు దీన్ని 50 లోపే రాస్తారు. కేవలం పీఎస్‌వీ పట్టుకునేవాళ్లు 50–69 అంటారు.

ఒకే మెడకు రెండు శాతాలు

తేడాకు మొదటి కారణం కోణం. శబ్దం రక్తప్రవాహానికి ఎంత వాలులో తగులుతోందో యంత్రానికి తనంతట తానుగా తెలియదు. స్కాన్ చేసేవారు తెర మీద చిన్న గీతను నాళానికి సమాంతరంగా తిప్పి "కోణం ఇది" అని చెబుతారు. యంత్రం ఆ మాట నమ్మి వేగం లెక్క కడుతుంది.

నిజమైన కోణం 60 డిగ్రీలు, నిజమైన వేగం 118 అనుకోండి. గీత 5 డిగ్రీలు జరిగి 65 దగ్గర పెడితే యంత్రం 140 చూపిస్తుంది. ఇటు జరిగి 55 దగ్గర పెడితే 103 చూపిస్తుంది. రక్తం మారలేదు, మనిషి మారలేదు, 5 డిగ్రీలకే వర్గం మారింది. మెలికలు తిరిగిన ధమనిలో 5 డిగ్రీల తేడా రాకుండా గీత పెట్టడం నిజంగా కష్టం. 60 డిగ్రీలు దాటకూడదన్న నియమం వచ్చింది కూడా ఇందుకే. 20 డిగ్రీల దగ్గర 5 డిగ్రీలు ఎక్కువ పెడితే వేగం 4 శాతం కూడా మారదు. 75 దగ్గర అదే పొరపాటు చేస్తే వేగం దాదాపు 50 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ప్రింటులో అల గ్రాఫ్ పక్కన కోణం అంకె ఉంటుంది. రిపోర్టు కాగితంలో ఎవరూ పట్టించుకోని అంకె అదే, నా దృష్టిలో మాత్రం పీఎస్‌వీ తర్వాత చూడాల్సింది అదే.

రెండో కారణం పట్టిక. 2003 నాటి 125 హద్దు మరీ తక్కువగా ఉందనీ, 50 శాతం చేరనివాళ్లను కూడా చేరినట్టు చూపిస్తోందనీ చాలాకాలంగా వాదన ఉంది. అమెరికాలో వాస్క్యులర్ (రక్తనాళాల) ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ 2021లో ఆ హద్దును 180కి మార్చమని సూచించింది. వేగం 125 దాటి, నిష్పత్తి కూడా 2 లేదా అంతకు మించి ఉన్నా 50 శాతం చేరినట్టే లెక్కించాలంది. వేగం 140, నిష్పత్తి 1.5 ఉన్న మనిషి పాత పట్టికలోని పీఎస్‌వీ వరుస ప్రకారం "50–69", కొత్త సూచన ప్రకారం "50 లోపు". మొదట్లో చెప్పుకున్న రెండు రిపోర్టుల్లాంటివి ఎక్కువగా ఇక్కడే పుడతాయి. హద్దు పెంచితే అనవసరపు భయాలు తగ్గుతాయని ఒక పక్షం, నిజంగా 50 శాతం ఉన్నవాళ్లు కొందరు జారిపోతారని ఇంకో పక్షం. ఏ ల్యాబ్ ఏ పట్టిక వాడుతోందో రిపోర్టు అడుగున ఒక వాక్యం రాస్తే సగం గొడవ తీరుతుంది. అలా రాసే రిపోర్టులు అరుదు.

మూడో కారణం శాతం లెక్కే. కరోటిడ్ ధమని మొదట్లో ఉబ్బెత్తుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ మామూలు గొట్టం అవుతుంది. పూడిక ఎక్కువగా చేరేది ఆ ఉబ్బెత్తులో. ఉబ్బెత్తు అసలు వ్యాసం 8 మి.మీ., పైన మామూలు ధమని 5 మి.మీ., పూడిక దగ్గర మిగిలిన దారి 2.5 మి.మీ. అనుకుందాం. ఉత్తర అమెరికాలో జరిగిన నాసెట్ పరిశోధన పద్ధతిలో 2.5ను పైనున్న 5తో పోల్చాలి, అప్పుడు 50 శాతం వస్తుంది. యూరప్‌లో జరిగిన ఈసీఎస్‌టీ పద్ధతిలో ఉబ్బెత్తు అసలు వ్యాసం 8తో పోల్చాలి, అప్పుడు 69 శాతం వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా నాసెట్ పద్ధతినే పాటిస్తున్నారు. 2003 పట్టిక కూడా దాన్నే అనుసరిస్తుంది.

దీనికి తోడు వైశాల్యం అనే ఇంకో లెక్క ఉంది. 6 మి.మీ. నాళంలో 3 మి.మీ. దారి మిగిలితే వ్యాసం 50 శాతం తగ్గినట్టు, వైశాల్యం మాత్రం 75 శాతం తగ్గినట్టు. వ్యాసం 70 శాతం తగ్గితే వైశాల్యం 91 శాతం తగ్గుతుంది. కొన్ని రిపోర్టులు అడ్డకోత బొమ్మలో వైశాల్యం కొలిచి "75 శాతం" అని రాస్తాయి. పూడిక తీసే ఆపరేషన్ అవసరమా కాదా అని తేల్చిన పరిశోధనలు వ్యాసం లెక్కలో మాట్లాడాయి. ఈ 75ను అక్కడి 70తో పోలిస్తే లేని ప్రమాదం కనిపిస్తుంది.

వేగం మోసం చేసే చోట్లు

ఇరుకు పెరిగేకొద్దీ వేగం పెరుగుతూనే పోదు. 95 శాతం దాటి వెంట్రుకవాసి దారి మిగిలినప్పుడు దాంట్లోంచి రక్తమే సరిగా పోదు, వేగం పడిపోతుంది. అంకె చూస్తే 90, 100 ఉండొచ్చు, ధమని మాత్రం మూసుకుపోయే స్థితిలో ఉంటుంది. ఇలాంటప్పుడు అంకెను నమ్మకుండా బొమ్మను, అల ఆకారాన్ని చూసి చెప్పాలి. పూర్తిగా మూసుకుపోయిందా, ఇంకా సన్నటి ధార ఉందా అనే తేడా చికిత్సను మార్చేస్తుంది కాబట్టి ఇక్కడ సీటీ యాంజియో దాదాపు తప్పనిసరి అవుతుంది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ఎడమ కరోటిడ్ పూర్తిగా మూసుకుపోతే దాని పని కూడా కుడివైపు ధమనే చేస్తుంది. అక్కడ బ్లాకు లేకున్నా వేగం పెరుగుతుంది. బాగా రక్తహీనత ఉన్నా, జ్వరం ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా అంతటా వేగాలు పెరుగుతాయి. గుండె బలహీనంగా కొట్టుకునేవాళ్లలో నిజమైన ఇరుకు కూడా తక్కువ వేగంతో దాక్కుంటుంది. స్టెంట్ వేసిన ధమని గోడ గట్టిపడుతుంది కాబట్టి మామూలు హద్దులు దానికి పనికిరావు, ఎక్కువ హద్దులు వాడాలి. పూడికలో కాల్షియం గట్టిగా పేరుకుంటే దాని వెనుక నల్లటి నీడ పడుతుంది, ఆ నీడలో ఏముందో డాప్లర్‌కు కనిపించదు.

ఇన్ని చిక్కులున్నా ముందు డాప్లరే ఎందుకు రాస్తారంటే, దీంట్లో రేడియేషన్ లేదు, రంగు మందు ఎక్కించనక్కర్లేదు. సీటీ యాంజియోకు ఎక్కించే మందు వల్ల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎక్కువ ఉన్నవాళ్లకు ఇబ్బంది రావచ్చు. డాప్లర్‌ను ఎన్నిసార్లు చేసినా ఆ బెంగ లేదు.

కాళ్ల ధమనుల్లో అంకె కంటే అల ముఖ్యం

కాళ్లకు రక్తం సరిగా అందుతోందా అనే స్కాన్‌లో ట్రైఫేసిక్, బైఫేసిక్, మోనోఫేసిక్ అనే మాటలు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కాలి ధమనిలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ అల పైకి లేచి, కాసేపు కిందికి అంటే వెనక్కి పోయి, మళ్లీ కొంచెం ముందుకు వస్తుంది. ఈ మూడు దశలదే ట్రైఫేసిక్. చివరి చిన్న అల లేకపోతే బైఫేసిక్. వయసు మీద పడ్డవాళ్లలో ఇది మామూలుగానే ఉండొచ్చు. వెనక్కి పోవడం మానేసి ఒకే మొద్దు అలగా మిగిలితే అది మోనోఫేసిక్, పైన ఎక్కడో పెద్ద అడ్డు ఉందనడానికి గుర్తు. మొదటి రెండు మాటలను డాక్టర్లు వేర్వేరుగా వాడుతున్నారని 2020లో రెండు అమెరికా వాస్క్యులర్ సంఘాలు కలిసి ఆ రెండింటినీ "మల్టీఫేసిక్" అనే ఒకే పేరు కిందికి తెచ్చాయి. మన దగ్గర పాత పేర్లే ఇంకా నడుస్తున్నాయి.

దీనితోపాటు చేసే ఏబీఐ పరీక్ష తేలిక. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. చేతి బీపీ 140, చీలమండ 98 అయితే 0.70 వస్తుంది. 0.90 లేదా తక్కువ వస్తే కాలి ధమనుల్లో అడ్డు ఉన్నట్టే. 1.0 నుంచి 1.4 మామూలు.

షుగర్ ఇంటింటికీ చేరిన మన ప్రాంతంలో ఇక్కడో మడతపేచీ ఉంది. ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్ల చీలమండ ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని, కఫ్ ఎంత బిగించినా నాళం అణగదు. చీలమండ బీపీ 210 చూపిస్తే, 140తో భాగిస్తే 1.5. రక్తం బ్రహ్మాండంగా పోతోందని కాదు, కొలత పనికిరాదని అర్థం. ఇంకా ఇబ్బందైనది 130 చూపించే సందర్భం. నిష్పత్తి 0.93, చూడటానికి దాదాపు మామూలు. అసలు ఒత్తిడి అంతకంటే చాలా తక్కువ ఉండి, గట్టిపడిన గోడ దాన్ని పెంచి చూపిస్తూ ఉండొచ్చు. కాలి వేళ్ల చిన్న ధమనులు ఇలా తక్కువగా గట్టిపడతాయి కాబట్టి బొటనవేలి దగ్గర బీపీ కొలుస్తారు. మానని పుండు ఉన్న షుగర్ పేషెంటుకు "ఏబీఐ నార్మల్" అనే మాట ఒక్కటే చాలదు.

సిరల దగ్గర ప్రశ్నే వేరు

"కాళ్ల డాప్లర్" అని చీటీలో రాస్తే అది ధమనులకా, సిరలకా అన్నది తేలదు. రెండూ వేర్వేరు పరీక్షలు. సిరల్లో రక్తం గుండె వైపు నెమ్మదిగా తిరిగి వెళ్తుంది. అక్కడ చూసేవి రెండే: గడ్డ ఉందా, కవాటాలు పనిచేస్తున్నాయా.

గడ్డ కోసం చేసే స్కాన్‌లో రంగుల కంటే ముఖ్యమైనది నొక్కుడు. ప్రోబ్‌తో నొక్కితే మామూలు సిర పూర్తిగా చదునైపోతుంది, పక్కనున్న ధమని గుండ్రంగానే ఉంటుంది. లోపల గడ్డ ఉంటే సిర అణగదు. డీవీటీ, అంటే లోతు సిరలో గడ్డ, ఉందని చెప్పడానికి ఇదే ప్రధాన ఆధారం. గజ్జ నుంచి మోకాలి దిగువ దాకా కొద్ది కొద్ది దూరంలో నొక్కుకుంటూ పోవడం చూసి "ఊరికే నొక్కుతున్నారు, స్కాన్ ఎప్పుడు చేస్తారు" అనుకునేవాళ్లున్నారు. ఆ నొక్కడమే స్కాన్.

ఇక్కడ ఒక పేరు ప్రాణాల మీదికి తెచ్చేంత చిక్కు తెచ్చింది. తొడలోని ఒక పెద్ద సిరను చాలాకాలం "సూపర్‌ఫిషియల్ ఫెమోరల్ వెయిన్" అని రాసేవారు. పేరు చూస్తే పైపై సిర అనిపిస్తుంది, నిజానికి అది లోతు సిర. అందులో గడ్డ ఉందని రిపోర్టు చెప్పినా పైపైదే కదా అని మందు మొదలుపెట్టని సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఇప్పుడు దాన్ని కేవలం "ఫెమోరల్ వెయిన్" అనాలన్నది నియమం. పాత రిపోర్టుల్లో మాత్రం ఆ మాట ఇంకా కనిపిస్తుంది.

మోకాలి పైన గడ్డ లేదని తేలినా కథ ముగియకపోవచ్చు. పిక్కలోని చిన్న సిరల్లో గడ్డలు కనిపెట్టడం కష్టం, వాటిలో కొన్ని పైకి పాకుతాయి. అనుమానం బలంగా ఉంటే 5 నుంచి 7 రోజుల్లో మళ్లీ స్కాన్ చేయడం అందుకే. అనుమానం తక్కువ ఉన్నవాళ్లలో డి-డైమర్ అనే రక్తపరీక్ష మామూలుగా వస్తే స్కాన్ అవసరమే రాకపోవచ్చు.

ఉబ్బిన సిరల స్కాన్ ఇంకో రకం. మనం "కాలి నరాలు ఉబ్బాయి" అనేవి ఇవే. వీటికి సాధ్యమైనంతవరకు నిలబెట్టి చేయాలి, పడుకుంటే రక్తం వెనక్కి జారే బలమే ఉండదు. పిక్క పిసికి వదిలినప్పుడు రక్తం పైకి పోయి, కవాటం మూసుకోకపోతే మళ్లీ కిందికి జారుతుంది. ఆ జారుడు (రిఫ్లక్స్) చర్మం దగ్గరి సిరల్లో 0.5 సెకన్లు దాటితే, తొడ-మోకాలి లోతు సిరల్లో 1 సెకను దాటితే కవాటం పాడైనట్టు. "2.4 సెకన్ల రిఫ్లక్స్" అంటే కవాటం పనిచేయడం లేదని మాత్రమే. 4 సెకన్లు ఉన్నవాళ్లకు అంతకు రెట్టింపు జబ్బు ఉన్నట్టు కాదు. నొప్పి, వాపు, చర్మం నల్లబడటం, పుండు, వీటిని బట్టే తీవ్రత తేల్చుతారు.

డయాలసిస్ ఫిస్టులాలో అర మిల్లీమీటరు

డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా చేస్తారు. ఏ సిర పనికొస్తుందో ఆపరేషన్‌కు ముందు డాప్లర్‌తో చూస్తారు, తర్వాత అది పండిందో లేదో, అంటే డయాలసిస్ సూదులకు సిద్ధమైందో లేదో కూడా దాంతోనే చూస్తారు. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ స్కాన్ మాట చాలా ఇళ్లకు కొత్త కాదు.

పండిందా అని చూడటానికి "6ల నియమం" అని ఒకటి ప్రచారంలో ఉంది. ఆరు వారాలకు సిర వ్యాసం 6 మి.మీ., చర్మం నుంచి లోతు 6 మి.మీ. లోపు, ప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉండాలి. ఈ ప్రవాహం కూడా లెక్క కట్టిందే. వ్యాసం 6 మి.మీ., సగటు వేగం సెకనుకు 40 సెం.మీ. అయితే నిమిషానికి సుమారు 680 మి.లీ. అదే సిరను 5.5 మి.మీ. అని కొలిస్తే 570కి పడిపోతుంది. లెక్కలో వ్యాసాన్ని వ్యాసంతోనే గుణిస్తారు కాబట్టి అర మి.మీ. పొరపాటు 600 గీతకు అటూ ఇటూ చేసేస్తుంది. 6లు అన్నీ కుదరకపోయినా చక్కగా నడిచే ఫిస్టులాలు ఉన్నాయి. చేతితో తాకి చూసిన నర్సు మాటకు యూనిట్లలో ఇప్పటికీ విలువ ఉంది.

ప్రోబ్ ఎవరి చేతిలో ఉంది

మన దేశంలో ప్రోబ్ పట్టుకునేదీ రిపోర్టు రాసేదీ సాధారణంగా డాక్టరే. అమెరికా, బ్రిటన్‌లలో స్కాన్‌ను శిక్షణ పొందిన సోనోగ్రాఫర్ చేస్తారు, చదివేది తర్వాత డాక్టరు. అక్కడికి పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు "స్కాన్ చేసినామె ఒక్క ముక్క చెప్పలేదు, ఏదో దాస్తోంది" అని బెంగపడటం మామూలే. ఆమెకు ఫలితం చెప్పే అధికారం లేదు, అంతే.

ఇక్కడి సెంటర్లలో కాలి స్కాన్‌కు వెళ్లినా గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదనే బోర్డు ఎదురవుతుంది. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రం దేనికి వాడినా ఆ సెంటర్ రిజిస్టర్ కావాలి.

లక్షణాలు లేనివాళ్లకు మెడ స్కాన్ అవసరమా

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో కరోటిడ్ డాప్లర్ చేరుతోంది. సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో అర్థముంది. పక్షవాతం చెప్పి రాదు. పూడిక ముందే కనిపిస్తే మనిషి సిగరెట్ మానొచ్చు, బీపీ, కొలెస్ట్రాల్ మందులు మొదలుపెట్టొచ్చు. తెర మీద తన ధమనిలో పూడిక చూసినవాడు మందు మానడు అనే వాదన కూడా ఉంది.

కాదనేవాళ్ల వాదనను ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఏ లక్షణమూ లేని 1,000 మందిలో 10 మందికి తీవ్రమైన ఇరుకు ఉందనుకుందాం. స్కాన్ నిజంగా ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 94 మందిని లేదనే చెబుతుంది అనుకుందాం. ఇవి మంచి అంకెలే. అప్పుడు 10 మందిలో 9 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 59 మందికి లేని ఇరుకు ఉన్నట్టు వస్తుంది. భయపెట్టే రిపోర్టు అందుకున్న 68 మందిలో నిజంగా జబ్బు ఉన్నది 9 మందికి. మిగతావాళ్లు సీటీ యాంజియోకు, కొందరు అంతకు మించిన వాటికి వెళ్తారు. అమెరికా నివారణ సేవల టాస్క్ ఫోర్స్ 2021లో లక్షణాలు లేని సాధారణ ప్రజలకు ఈ స్కాన్ వద్దని మళ్లీ చెప్పింది. గోడ మందాన్ని కొలిచే ఐఎంటీ అంకెను గుండెజబ్బు అంచనాకు మామూలుగా వాడొద్దని అక్కడి గుండె వైద్య సంఘాలు 2013లోనే అన్నాయి. మన ప్యాకేజీ రిపోర్టుల్లో అది ఇంకా దర్జాగా మొదటి వరుసలో ఉంటుంది.

లక్షణాలు ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఒక చెయ్యి-కాలు కాసేపు చచ్చుబడటం, మాట తడబడటం, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోయి రావడం, ఇవి కరోటిడ్ లక్షణాలు. ఒట్టి కళ్లు తిరగడం సాధారణంగా వీటిలోకి రాదు, మెడ డాప్లర్‌లు ఎక్కువగా దానికే రాస్తున్నా సరే. లక్షణాలు వచ్చి, 70 శాతం పైగా ఇరుకు ఉన్నవాళ్లలో మందులే వాడితే రెండేళ్లలో 26 శాతం మందికి, ఆపరేషన్ చేస్తే 9 శాతం మందికి ఆ వైపు స్ట్రోక్ వచ్చిందని నాసెట్ 1991లో చూపించింది. కరోటిడ్ వైద్యంలో ఇంత తేటగా తేలిన అంకెలు తక్కువ.

లక్షణాలు లేకుండా తీవ్రమైన ఇరుకు ఉన్నవాళ్ల మీద పాత పరిశోధనలు జరిగిన రోజుల్లో మందులు ఇంత మెరుగ్గా లేవు. ఇప్పటి గట్టి మందులతో పోల్చిన క్రెస్ట్-2 అనే పరిశోధన ఫలితాలు 2025 చివర్లో వచ్చాయి. మందులకు స్టెంట్ తోడైతే స్ట్రోక్‌లు తగ్గాయి, కోసి చేసే ఆపరేషన్ తోడైతే కచ్చితమైన తేడా తేలలేదు. దీన్ని చూపించి స్టెంట్ వైపు మొగ్గేవాళ్లున్నారు. మందులు మాత్రమే వాడినవాళ్లలోనూ స్ట్రోక్‌లు తక్కువే కదా అని ఆగమనేవాళ్లూ అదే పరిశోధనను చూపిస్తున్నారు.

లక్షణాలు లేకపోయినా వాదన పెద్దగా లేకుండా సిఫారసు చేసే నాళం స్కాన్ ఒకటుంది, అది మెడది కాదు. జీవితంలో ఎప్పుడైనా పొగతాగిన 65 నుంచి 75 ఏళ్ల మగవాళ్లకు పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందేమో ఒక్కసారి చూడమని అదే అమెరికా టాస్క్ ఫోర్స్ అంటుంది. అక్కడ వేగమూ అక్కర్లేదు, కోణమూ అక్కర్లేదు. మామూలు నలుపు-తెలుపు బొమ్మలో వ్యాసం కొలిస్తే సరిపోతుంది. 3 సెం.మీ. చేరితే ఉబ్బు కింద లెక్క. చుట్ట, బీడీ తాగినవాళ్లు ఎందరో ఉన్న మన దేశంలో దీనికి జాతీయ కార్యక్రమం లేదు. ఎక్కువమందికి ఇది వేరే దేనికోసమో చేసిన పొట్ట స్కాన్‌లో అనుకోకుండా బయటపడుతుంది.